కోనసీమ మీదకు జాంబీలు: నా బ్రౌజర్ ఆట తయారీ డైరీ

జూన్ 8, ఆదివారం

ఇవాళ కొత్త ఫోల్డర్ తెరిచి దానికి "రేవు" అని పేరు పెట్టాను. ప్రస్తుతానికి అందులో ఒక హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు, ఒక జావాస్క్రిప్ట్ ఫైలు ఉన్నాయి. చెయ్యబోయేది బ్రౌజర్‌లో ఆడుకునే జాంబీ ఆట. ఆడేవాళ్లు జాంబీల పక్షాన ఉంటారు. ఊరూరా రోగం పాకించడమే వాళ్ల పని.

ఇంజనీరింగ్ రోజుల్లో హాస్టల్లో మేం తెల్లవార్లూ ఆడినవి ఇలాంటి ఆటలే. డార్క్ రెల్మ్ స్టూడియోస్ వాళ్ల పాండెమిక్ 2 అనే ఫ్లాష్ ఆట (ఫ్లాష్ అంటే అప్పట్లో బ్రౌజర్ ఆటలు నడిపిన సాఫ్ట్‌వేర్) 2008లో వచ్చింది. అందులో జాంబీలు లేవు, రోగాన్ని ఎంచుకుని ప్రపంచం మీదకు వదలాలి. మడగాస్కర్‌కు విమానాశ్రయం ఉండదు, ఉన్నది ఒక్క ఓడరేవు. ఎక్కడో రోగం గురించి కాస్త గొడవ మొదలవగానే ఆ రేవు మూసేస్తారు. ఆ తర్వాత ప్రపంచమంతా తుడిచిపెట్టుకుపోయినా మడగాస్కర్ ఒక్కటి మిగిలిపోతుంది, మనం ఓడిపోతాం. గదిలో ఎవరో ఒకరు "మళ్లీ మూసేశార్రా" అని అరవని రాత్రి లేదు. ఇండోనేషియాకు చెందిన టోగే ప్రొడక్షన్స్ వాళ్ల ఇన్ఫెక్టొనేటర్ ఇంకో రకం. వీధిలో జనం తిరుగుతుంటారు. సరైన చోట, సరైన క్షణంలో వైరస్ వదిలి, గొలుసుకట్టుగా ఎంతమంది జాంబీలయ్యారో చూసుకోవాలి. వచ్చిన డబ్బుతో బలం పెంచుకుని ఇంకో ఊరి మీద పడాలి. ఫోన్లకు 2012లో జేమ్స్ వాన్ చేసిన ప్లేగ్ ఇంక్ వచ్చింది. మరుసటి ఏడాది అందులో నెక్రోవా వైరస్ పేరుతో జాంబీ రోగాన్నీ చేర్చారు.

2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు అడోబీ మద్దతు ఆగిపోయింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయరే ఆ ఫైళ్లను నడపడం మానేసింది. పాత ఫ్లాష్ ఫైళ్లను కొత్త బ్రౌజర్లలో నడిపే రఫుల్ అనే ఎమ్యులేటర్ పుణ్యమా అని చాలా పాత ఆటలు మళ్లీ బ్రౌజర్‌లో ఆడగలుగుతున్నాం. కెవాన్ డేవిస్ 2005లో మొదలుపెట్టిన అర్బన్ డెడ్ అనే బ్రౌజర్ జాంబీ ఆట మాత్రం 2025 మార్చి 14న మూతపడింది. ఆ వార్త చదివిన రోజే అనుకున్నాను, ఈ రకం ఆట ఒకటి నా చేత్తో చెయ్యాలని.

మ్యాప్ ఏదన్న ఆలోచన పెట్టుకోనేలేదు. మడగాస్కర్ రేవు మూసుకున్నప్పుడల్లా నాకు అమ్మమ్మ వాళ్ల ఊరే గుర్తొచ్చేది. అమలాపురం దగ్గర పల్లెటూరు. ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, కింద బంగాళాఖాతం. కోనసీమలోకి రావాలంటే వంతెన దాటాలి, లేదంటే రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కాలి.

జూన్ 10, మంగళవారం

ఊళ్లూ నదులూ తర్వాత. ముందు ఒక పలక: అడ్డంగా 200 గడులు, నిలువుగా 200 గడులు, గడికో మనిషి. మధ్య గడిలో ఒక జాంబీ.

మొదటి పరీక్షకు కాటు ఎప్పుడూ తప్పకుండా పడేలా పెట్టాను. రోగం మధ్య నుంచి నాలుగు వైపులా సమానంగా పాకాలి. నడిపి చూస్తే ఒక్క ఫ్రేములో, అంటే తెర ఒక్కసారి మారేలోపు, కుడివైపు కింది భాగమంతా జాంబీల ఆకుపచ్చ రంగుతో నిండిపోయింది. ఎడమకూ పైకీ మాత్రం ఒక్కో గడే జరిగింది.

అరగంట తల పట్టుకున్నాక తెలిసింది. గడులను ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చూసుకుంటూ పోతూ అదే పలకలో మార్పులు రాసేస్తున్నాను. అంటే ఇప్పుడే కాటు పడ్డ పక్కగడి మనిషి, లూప్ అక్కడికి చేరేసరికే జాంబీ అయి తన పక్కవాణ్ని కరిచేస్తున్నాడు. పలకలు రెండు పెట్టుకున్నాను. ఒకదాంట్లోంచి చదవడం, ఇంకోదాంట్లో రాయడం, ఫ్రేము అయ్యాక రెండూ మార్చుకోవడం. ఈసారి వజ్రం ఆకారంలో చక్కగా పాకింది. రాత్రి 1 గంట వరకు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

జూన్ 15, ఆదివారం

కాటు తప్పనిసరి అన్న షరతు తీసేసి అసలు లెక్క పెట్టాను. 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి అలేమి, బియర్‌బామ్, మయర్స్, సెత్నా అనే నలుగురు జాంబీ రోగం పాకే తీరు మీద ఫిజికల్ రివ్యూ పత్రికలో ఒక పరిశోధనా పత్రం వేశారు. అమెరికా జనాభా లెక్కలు తీసుకుని ఆ దేశం మొత్తం మీద జాంబీలను వదిలి చూశారు. బ్రౌజర్‌లో ఎవరైనా నొక్కి చూసుకునే బొమ్మ కూడా పెట్టారు. అందులో అసలు కీలకం ఒకే సంఖ్య, ఆల్ఫా. జాంబీకి మనిషి ఎదురైనప్పుడు, మనిషి దాన్ని చంపే అవకాశాన్ని అది మనిషిని కరిచే అవకాశంతో భాగిస్తే వచ్చేదే ఆల్ఫా. అమెరికా మ్యాప్‌కు వాళ్లు 0.8 తీసుకున్నారు. అంటే 100 సార్లు ఎదురుపడితే దాదాపు 56 సార్లు కాటు, 44 సార్లు జాంబీ చావు.

నేనూ 0.8 పెట్టాను. నా పలక మీద రోగం ప్రతిసారీ చచ్చిపోయింది. నాలుగైదు గడులు పాకుతుంది, ఆగుతుంది. సాయంత్రం దాకా కోడ్‌లో తప్పు వెతికాను. తప్పు లేదు. జవాబు ఆ పత్రంలోనే ఉంది, నేను పై పైన చదివి వదిలేశాను. కదలని మనుషులతో గడుల పలక అయితే ఆల్ఫా 0.437 కంటే తక్కువ ఉంటేనే రోగం నిలదొక్కుకుంటుంది. అంటే 100 సార్లు ఎదురుపడితే 70 దాకా జాంబీ గెలవాలి. ఎందుకంటే గడిలో ఉన్న జాంబీకి చుట్టూ నలుగురే. అందులో ఒకరు దాన్ని కరిచిన జాంబీయే. మిగిలిన ముగ్గురితో పని అయిపోతే దానికి ఇక మనుషులు దొరకరు.

ఆల్ఫాను 0.43కు తగ్గించి నడిపాను. ఒకటి రెండుసార్లు మొదట్లోనే ఆరిపోయినా, నిలదొక్కుకున్నప్పుడు చూడాలి ఆ బొమ్మ! రోగం నిండుగా పాకదు. చెరువులో నాచులా కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది. కొమ్మల మధ్య పెద్దా చిన్నా ఖాళీలు, వాటిలో ఎవరూ తాకని మనుషులు. అచ్చం లంక గ్రామాల్లా ఉన్నాయి.

జూన్ 22, ఆదివారం

గడుల పలక వదిలేస్తున్నాను. అందంగా ఉంది కానీ ఆడేవాళ్లు చెయ్యడానికి అందులో ఏమీ లేదు. ఊళ్లు కావాలి, ఊళ్ల మధ్య దారులు కావాలి. ఒక్కో ఊళ్లో జనం అందరూ అందరికీ ఎదురుపడతారనుకుందాం. ఊరు దాటి వెళ్లాలంటే మాత్రం రోడ్డో వంతెనో పంటో ఉండాలి. 2011 జనాభా లెక్కల్లో ఊరి వారీ సంఖ్యలు ఎక్సెల్ ఫైళ్లలో దొరుకుతాయి. అవి తెచ్చుకుని ఊరికో చుక్క పెడుతున్నాను.

అసలు లెక్క గురించి ఇక్కడ కొంచెం రాసుకోవాలి, ఎందుకంటే ఆట మొత్తం దీని మీదే నిలబడింది. అంటురోగాల గణితానికి పునాది 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ రాసిన పత్రం. మెకెండ్రిక్ మన దేశంలో ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన డాక్టరు, కసౌలీలోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టర్‌గా ఉన్నాడు. ఆ పత్రంలో తమ లెక్కను సరిచూసుకోవడానికి వాళ్లు తీసుకున్నవి 1905-06లో బొంబాయిలో ప్లేగు మరణాల అంకెలు. ఆ లెక్కలో రోగి తనంతట తాను కోలుకుంటాడు, లేదా పోతాడు. ఎవరికీ ఎదురుపడకపోయినా కొన్నాళ్లకు రోగం దానంతటదే తగ్గుతుంది.

జాంబీ అలా కాదు. మనిషి ఎదురై చంపితే తప్ప అది పోదు. పాడుబడ్డ రైస్ మిల్లులో ఒక్క జాంబీ మిగిలినా ఏడాది తర్వాతా అక్కడే ఉంటుంది. లెక్కలో ఇది ఒక పదం మార్పు. ఆటలో మాత్రం అంతా మారిపోతుంది. పాండెమిక్‌లో ఆటగాడిని కాలం తరుముతుంది. నా ఆటలో ఆటగాడికి కాలం లొంగి ఉంటుంది. ఓపిక పట్టి కూర్చోగలడు. అలా కూర్చోవడంలో టెన్షన్ పుట్టించగలిగితే చాలు, నేను గెలిచినట్టే.

చిన్న ఉదాహరణ. 1,000 మంది ఉన్న ఊళ్లోకి ఒక జాంబీ వచ్చింది, ఆల్ఫా 0.8 అనుకోండి. సగటు లెక్కల ప్రకారం చివరికి మనిషన్నవాడు మిగలడు. ఊళ్లో 201 జాంబీలు, 800 శవాలు. ఊరు మొత్తం తిన్నా దండు 1,000 కాదు, 201. ఈ అరుగుదలే నాకు నచ్చింది. పెద్ద ఊరి మీద పడితే మంచిదా, చిన్న ఊళ్లు దాటుకుంటూ పోవాలా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

జూన్ 28, శనివారం

మ్యాప్ బొమ్మ మావయ్యకు వాట్సాప్‌లో పంపి ఫోన్ చేశాను. కోనసీమలోకి దారులన్నీ చెప్పమన్నాను.

"రావులపాలెం ఉంది, అది గౌతమి మీద. సిద్ధాంతం వంతెన వశిష్ఠ మీద. యానాం దగ్గర ఎదుర్లంక. అటు చించినాడ. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా వచ్చి బొబ్బర్లంకలో దిగొచ్చు. రేవులంటావా, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం, సఖినేటిపల్లి నుంచి నరసాపురం."

రాసుకుంటున్నాను. కాసేపు అటునుంచి చప్పుడు లేదు. బొమ్మ పెద్దది చేసి చూస్తున్నట్టున్నాడు.

"అది సరే అల్లుడూ, వైనతేయ ఏదిరా ఇందులో?"

మర్చిపోయాను. వశిష్ఠలోంచి చీలిన పాయ అది. దానికి అటువైపు రాజోలు, ఇటువైపు అమలాపురం. నా బొమ్మలో కోనసీమంతా ఒకటే ముద్ద. మావయ్య చెప్పాక గీస్తే లోపల ఇంకో దీవి తేలింది. దాన్ని అమలాపురం వైపుకు కలిపేవి పి.గన్నవరం అక్విడెక్టు (కాలువను నది మీదుగా దాటించే వంతెన), బోడసకుర్రు వంతెన. అంటే మడగాస్కర్ లోపల ఇంకో మడగాస్కర్. ఆట కష్టం ఎక్కడ పెరగాలో అప్పటిదాకా నాకు తెలియలేదు, ఈ ఫోనుతో తెలిసింది.

ఆయన ఎందుకు, ఏమిటని అడిగాడు. జాంబీలని చెప్పాను. "మనూరి మీదకేనా?" అన్నాడు. అవునన్నాను. "సరే, మన వీధి చివర్న ఉంచు" అని పెట్టేశాడు.

జూలై 6, ఆదివారం

గిలెస్పీ పద్ధతి పెట్టాను. ప్రతి సెకనుకూ ప్రతి ఊళ్లో పాచికలు వేసే బదులు, తర్వాతి సంఘటన ఎంతసేపట్లో జరుగుతుందో ఒక పాచిక, ఏ ఊళ్లో ఏ సంఘటనో ఇంకో పాచిక. మనుషులూ జాంబీలూ ఎక్కువున్న ఊళ్లో సంఘటనలు గబగబా జరుగుతాయి, ఖాళీ ఊళ్లో గడియారం నిద్రపోతుంది. మొదట్లో ప్రతి కాటుకూ అన్ని ఊళ్ల రేట్లూ మళ్లీ కూడేవాణ్ని, ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత మోగింది. కాటు పడ్డ ఊరి రేటు ఒక్కటే సవరిస్తే సరిపోతుందని తర్వాత తట్టింది.

నిజంగా పట్టిపీడించిన సమస్య వేరే. ఒక్క జాంబీతో మొదలుపెడితే ఐదు ఆటల్లో నాలుగు మొదటి నిమిషంలోనే ముగిసిపోతున్నాయి. సగటు లెక్కలు జాంబీలదే గెలుపంటాయి, కానీ సగటు మొదలవకముందే ఆ ఒక్కటీ చస్తుంది. కాగితం మీద వేసి చూశాను. పెద్ద ఊళ్లో ఒక్క జాంబీ సంతతి అంతరించిపోయే అవకాశం సరిగ్గా ఆల్ఫాకు సమానం. 0.8 అంటే 100కి 80. రెండు జాంబీలుంటే 64. పదింటితో మొదలుపెడితే 100కి 11కు పడిపోతుంది.

కాబట్టి ఆట మొదట్లో పది ఇస్తున్నాను. కానీ ఆ పదింటినీ ఒకే ఊళ్లో దింపాలా, విడగొట్టాలా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. విడగొడితే ఎక్కువ చోట్ల మొదలవుతుంది, ఎక్కువ చోట్ల ఆరిపోతుంది. దీనికి ఏ బలాలూ పాయింట్లూ అక్కర్లేదు. ఆ అంకెల్లోనే ఆట ఉంది.

జూలై 20, ఆదివారం

చెల్లెలి చేతికి ఇచ్చాను. ఎనిమిది నిమిషాలు ఆడి, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి అడిగింది: "అన్నయ్యా, ఇందులో నేను చెయ్యాల్సిందేముంది? అదే పాకుతోంది కదా."

నిజమే. పదింటిని దింపడం తర్వాత అంతా చూడటమే. ఇన్ఫెక్టొనేటర్‌లో ఆ చూడటం అర నిమిషం, వెంటనే ఇంకో ఊరు. నాది ఒకే పెద్ద ఆట, అందులో అరగంట చూస్తూ కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? ప్రతి దండుకూ రెండు ఆజ్ఞలు పెట్టాను: "కదులు", "కాపు కాయి". కాపు కాసే దండు మనుషులు దగ్గరకొస్తే తప్ప ముట్టదు. అది ఉన్నట్టు ఊరికి తెలియదు. కదిలే దండు వేగంగా కరుస్తుంది, ఊరు కంగారు పడుతుంది. ఊరి కంగారును ఒక పట్టీలో చూపిస్తున్నాను. కంగారు హద్దు దాటితే పోలీసులు వంతెన మీద బారికేడ్లు పెడతారు, రేవులో పంటు ఆపేస్తారు.

ఇంకా సరిపోదు. రాత్రంతా ఆలోచించాలి.

ఆగస్టు 3, ఆదివారం

దొరికింది. కాటు పడ్డవాడు.

మామూలు మనిషికీ జాంబీకీ మధ్య ఇప్పుడు ఇంకో దశ ఉంది. కాటు పడ్డాక జాంబీ అయ్యేలోపు ఆట గడియారంలో ఆరు గంటలు పడుతుంది. ఈలోపు అతను అందరిలాగే ఉంటాడు, భయపడతాడు, ఊరు వదిలి పారిపోతాడు. ఆటగాడికి మూడో ఆజ్ఞ వచ్చింది: "కరిచి వదులు". అలా వదిలిన మనిషి ఎటు పోతాడో ఆటగాడు చెప్పలేడు. కానీ ఊరి కంగారు ఎంతుందో, ఏ దారి తెరిచి ఉందో తెలుసు కాబట్టి ఊహించగలడు.

ఇవాళ్టి పరీక్షలో జరిగింది ఉన్నదున్నట్టు రాసిపెట్టుకుంటున్నాను. కోటిపల్లిలో దండు కాపు కాస్తోంది. కంగారు పట్టీ సగంలో ఉంది. ఒకణ్ని కరిచి వదిలాను. చిన్న పసుపు చుక్క రేవు వైపు నడిచింది. అవతలి గట్టున పంటు ఉంది. చుక్క రేవులో ఆగింది. పంటు గౌతమి మధ్యకొచ్చింది, ఇవతలికి చేరింది, జనం దిగారు, ఎక్కారు. చుక్క ఎక్కింది. అప్పటికి నాలుగు గంటలు గడిచాయి. పంటు బయల్దేరి నది మధ్యలో ఉండగా కోటిపల్లిలో ఇంకో జాంబీ ఎవరికో కనిపించి కంగారు హద్దు దాటింది. రేవు మూసేశారు. కానీ ఆ పంటు అప్పటికే బయల్దేరింది. అది వెనక్కి రాదు. ముక్తేశ్వరంలో పసుపు చుక్క దిగి, అయినవిల్లి వైపు రెండు సెంటీమీటర్లు నడిచి, ఆకుపచ్చగా మారింది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నానని అప్పుడు గమనించాను. పదిహేనేళ్ల కిందట హాస్టల్లో ఉన్న ఆ గుండెదడ ఇదే.

ఆగస్టు 9, శనివారం

పనులు, క్లుప్తంగా. తమ్ముడి కొత్త ఫోన్లో ఆట రెట్టింపు వేగంతో నడిచింది. దాని తెర సెకనుకు 120 సార్లు మారుతుంది, నా ల్యాప్‌టాప్‌ది 60. ఫ్రేముకు ఇంత అని కాలం జరిపినందుకు వచ్చిన తిప్పలు. ఇప్పుడు గడియారం చూసి, గడిచిన కాలాన్ని బట్టి జరుపుతున్నాను. అది సరిచేస్తే ఇంకోటి వచ్చింది: వేరే ట్యాబ్‌కు వెళ్లి పది నిమిషాల తర్వాత తిరిగొస్తే, బ్రౌజర్ ఆపి ఉంచిన ఆ పది నిమిషాలూ ఒక్క ఉదుటున గడిచి కోనసీమ ఖాళీ అయిపోయింది. ఒక ఫ్రేములో పావు సెకనుకు మించి కాలం జరగకూడదని గట్టు కట్టాను.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. నాతో పనిచేసే గుంటూరు స్నేహితుడు ఇంటికొచ్చి రెండు గంటలు ఆడాడు. అమలాపురం దాకా చక్కగా వచ్చాడు, రాజోలు దీవి మిగిలింది. బోడసకుర్రు వైపు దండును నడిపిస్తుండగా వంతెన మూసుకుపోయింది. పి.గన్నవరం అంతకు ముందే పోయింది. మౌస్ వదిలేసి, "చెప్పకుండా మూసేస్తే ఎలా?" అన్నాడు.

అది విన్నప్పటి నుంచి మనసు బాగా లేదు. మడగాస్కర్ విషయంలో మాకున్న కోపం సరిగ్గా ఇదే. రేవు మూసినందుకు కాదు మాకు కోపం, మూయబోతున్నారని తెలియనందుకు. నాకు పదిహేనేళ్లుగా తెలిసిన లోపాన్నే నా ఆటలో తెచ్చిపెట్టుకున్నాను. తలుపు మూసుకోవడం మొదలైనట్టు కనపడాలి. అది పూర్తిగా మూసుకునేలోపు ఏదో ఒకటి చెయ్యడానికి సమయం ఉండాలి. ఈ ఆటలో ఎత్తుగడ అనేది ఉంటే ఆ సందులోనే ఉంది.

కంగారు పట్టీ మీద హద్దు గీత పెట్టాను. హద్దుకు దగ్గరవుతుంటే వంతెన మీద ముందు ఒక జీపు కనపడుతుంది, తర్వాత రెండు బారికేడ్లు, ఆ తర్వాతే దారి బంద్.

ఆగస్టు 24, ఆదివారం

వరద పెట్టాను. ఇది లేకపోతే కోనసీమ అనిపించదు.

గోదారి వరదలో గొప్పతనం ఏమిటంటే అది చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీళ్లు కిందికి వచ్చాక ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో రేడియోలో భద్రాచలం అంకె వినగానే పెద్దవాళ్లు పశువులను ఎక్కడ కట్టాలో మాట్లాడుకునేవారు. ఆ అంకె ఊరికి ఒక గడువు ఇచ్చేది.

ఆటలో కుడివైపు పైన ఇప్పుడు రెండు కొలబద్దలున్నాయి, భద్రాచలం ఒకటి, ధవళేశ్వరం ఒకటి. భద్రాచలంలో ముల్లు 43 దాటితే ఆట గడియారంలో ఒక రోజుకు ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక వస్తుంది. అది రాగానే పంట్లు ఆగిపోతాయి, లంక గ్రామాల కాజ్‌వేలు మునుగుతాయి. వంతెనలు మాత్రం తెరిచే ఉంటాయి. ఆ ఒక్క రోజులో ఆటగాడు నిర్ణయించుకోవాలి: ఆఖరి పంటు మీద కాటు పడ్డవాణ్ని పంపాలా, వరద తగ్గేదాకా కాపు కాయాలా. జాంబీలు తమంతట తాము చావవు కాబట్టి రెండో దారి కూడా నిజమైన దారే. కాకపోతే ఆ సమయంలో మిగిలిన ఊళ్లు సర్దుకుంటాయి, వాళ్ల ఆల్ఫా కొంచెం కొంచెంగా పెరుగుతుంది.

ఒక పని చేసి తీసేశాను. లంకల జనం ఏటిగట్టు మీదకు, సహాయ శిబిరాల్లోకి చేరితే అక్కడ కాట్లు రెట్టింపయ్యేలా రాశాను. లెక్క ప్రకారం సరైనదే. నడిపి చూస్తే నాకే చూడబుద్ధి కాలేదు. ఆ గట్టు మీద టార్పాలిన్ల కింద మా వాళ్లు నిజంగా పడుకున్నారు. అలాగే తుపానును కూడా పెట్టను. 1996 నవంబరు తుపాను రాత్రి గురించి అమ్మమ్మ చెప్పినవి నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. జాంబీ అన్నది ఎక్కడా లేదు కాబట్టి దానితో ఆడుకోగలను. పంటు ఆగిపోవడంతో ఆడుకోగలను. ఆ రాత్రితో ఆడుకోలేను. గుడుల పేర్లు కూడా మ్యాప్‌లోంచి తీసేశాను, ఊళ్ల పేర్లు చాలు.

సెప్టెంబరు 7, ఆదివారం

వార్తల పట్టీ. "కోటిపల్లి రేవులో అనుమానాస్పద వ్యక్తి" లాంటి వాక్యాలు తెర కింద ఒక్కో అక్షరం టైపవుతూ రావాలి. ఇంగ్లిష్‌కైతే ఒక్కో కోడ్ ముక్కా చూపిస్తూ పోతే సరిపోతుంది. తెలుగుకు అలా చేస్తే "కోటిపల్లి"లో ముందు "క" వస్తుంది, తర్వాత దానికి ఓత్వం తగిలి "కో" అవుతుంది, "ల" పక్కన పొల్లు ఒక క్షణం వేలాడి ఆ తర్వాత ఒత్తుగా మారుతుంది. అక్షరాలు కళ్ల ముందే వణుకుతున్నట్టు ఉంటుంది. బ్రౌజర్‌లోనే ఉండే, మాటను అక్షరాలుగా విడదీసే సెగ్మెంటర్‌తో గుణింతాలు కలిసి వస్తున్నాయి. ఏ బ్రౌజర్‌లోనూ ఒత్తులు విడిపోకుండా, పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ ఒకటిగా కలిపే నాలుగు వరుసలు నేనే రాశాను. ఇప్పుడు "క్ష", "ల్లి", "స్త్రీ" అన్నీ పూర్తి అక్షరాలుగా పడుతున్నాయి. ఫాంటు దిగేలోపే కాన్వాస్ రాసేయడం వల్ల మొదటి వార్త ఎప్పుడూ వేరే ఫాంటులో వచ్చేది. ఫాంట్లు సిద్ధమయ్యాకే ఆట మొదలయ్యేలా మార్చాను.

ఆటలో ఒక్క ఇంగ్లిష్ అక్షరం కూడా లేదు. తెలుగులో ఇలాంటి ఆట ఆడుకునే పిల్లాడు ఎక్కడో ఒకడుంటాడు, వాడి కోసమే ఈ వారం మొత్తం పెట్టాను.

సెప్టెంబరు 14, ఆదివారం

అమ్మమ్మ వాళ్ల ఊరొచ్చాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మావయ్య ఫోన్లోనే ఆట తెరిచి ఇచ్చాను. అరుగు మీద కూర్చుని, కళ్లజోడు పైకి నెట్టుకుని, ముందుగా మన వీధి ఎక్కడుందో వెతికాడు. ఊరి చుక్క చూపించాను. తృప్తిగా తలాడించాడు.

పదింటినీ కోటిపల్లిలోనే దింపాడు. విడగొట్టలేదు. "కాపు కాయి" నొక్కి ఊరికే ఉన్నాడు. నేను చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. భద్రాచలం ముల్లు 40 దాకా పోయి దిగింది. ఆయన కదల్లేదు. మళ్లీ ఎక్కింది. 43 దాటింది. అప్పుడు ఒకణ్ని కరిచి వదిలాడు. పసుపు చుక్క రేవుకు నడిచింది. పంటు ఇవతలే ఉంది. చుక్క ఎక్కగానే పంటు బయల్దేరింది.

"ఇది తప్పురా అల్లుడూ" అన్నాడు.

ఏమిటి మావయ్యా అన్నాను.

"ఒక్కడు ఎక్కగానే ఎవడు కదుపుతాడు? మనుషులూ బళ్లూ నిండాలి. నిండేదాకా పంటు నడిపే సరంగు కదలడు. ఎంత గింజుకున్నా కదలడు."

ఫోన్ ఆయన చేతిలోనే ఉంది. నేను లోపలికెళ్లి ల్యాప్‌టాప్ తెచ్చుకుని అరుగు మీదే మొదలుపెట్టాను. పంటుకు సీట్లు 40. 40 నిండితే బయల్దేరాలి, లేకపోతే ఆగాలి. రాసి నడిపితే నేను అనుకోనిది ఒకటి కనపడింది. ఊళ్లో కంగారు తక్కువున్నప్పుడు పంటు నిండటానికి ఐదు గంటలు పడుతోంది, కాటు పడ్డవాడు పంటు మీదే జాంబీ అయిపోతున్నాడు. కంగారు పెరిగితే జనం పారిపోతూ పంటును పావుగంటలో నింపేస్తున్నారు. మరీ పెరిగితే రేవు బంద్. మధ్యలో ఒక చిన్న పట్టీ ఉంది, అక్కడ మాత్రమే అతను అవతలి గట్టుకు మనిషిగా చేరగలడు.

సీట్ల సంఖ్య 40 ఎక్కువా తక్కువా అని అడిగాను. బళ్లు ఎన్ని పడతాయో రేవుకెళ్లి చూసొద్దాం పద అన్నాడు. మావయ్య బండి మీద ముక్తేశ్వరం బయల్దేరుతున్నాం.